నీళ్లు ఎవరివి? స్ప్లాష్ ప్యాడ్ వెనక ఉన్న కథ

పోయిన వేసవిలో మా అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చారు. మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ఒక సబర్బ్ కమ్యూనిటీలో. జూన్ నెల, మధ్యాహ్నం నాలుగు దాటినా బయట నిప్పులు చెరుగుతోంది. పిల్లలు పూల్‌కి వెళ్దామని గొడవ చేస్తుంటే ఆవిడ కూడా "నేనూ వస్తా పదండి, కాళ్లన్నా తడుపుకుంటా" అని బయల్దేరారు. నేత చీర, కాళ్లకి హవాయి చెప్పులు, చేతిలో పిల్లల కోసం జంతికల డబ్బా.

పూల్ గేటు తీసుకుని లోపలికి వెళ్లాం. పిల్లలు దూకేశారు. అత్తయ్యగారు చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్లల్లో పెట్టారో లేదో, అక్కడ పూల్ చూసుకునే అబ్బాయి పరుగున వచ్చి గోడ మీద బోర్డు చూపించాడు. ఈత దుస్తులు లేకుండా నీళ్లలోకి దిగకూడదట. అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. నియమానికి కారణం కూడా ఉంది: నూలు బట్టల పోగులు ఫిల్టర్‌లోకి పోతాయి, వదులు బట్టలు నీళ్లలో కాళ్లకి చుట్టుకుంటాయి. అన్నీ నిజమే. కానీ డెబ్భై ఏళ్ల మనిషి తడి పాదాలతో లేచి వెళ్లి, ఎండలో బెంచీ మీద కూర్చుని, ఏమీ జరగనట్టు జంతికల డబ్బా మూత తీసి పెట్టుకోవడం చూస్తే నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

వారం తర్వాత అందరం సిటీ పార్కులో ఉన్న స్ప్లాష్ ప్యాడ్‌కి వెళ్లాం. అక్కడ గేటు లేదు, తాళం లేదు, బట్టల గురించి అడిగేవాళ్లు లేరు. హిజాబ్ కట్టుకున్న తల్లులు, పొడుగు గౌనుల మెక్సికన్ అమ్మమ్మలు, డైపర్ల పిల్లలు, అందరూ నీళ్లలోనే ఉన్నారు. అత్తయ్యగారు చెప్పులు విడిచి వెళ్లి నేలలోంచి చిమ్మే నీళ్ల మధ్య నిలబడ్డారు. చీర మోకాళ్ల దాకా తడిసింది. మా చిన్నవాడు "నాయనమ్మా, ఇటు రా!" అని కేకలు. ఓ పది నిమిషాలకి నా దగ్గరికొచ్చి, కొంగు పిండుకుంటూ అడిగారు: "ఇది ఎవరిది అమ్మాయ్? టిక్కెట్టు లేదా?"

టిక్కెట్టు లేదు, ఊరందరిదీ అని చెప్పాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ నీళ్లు ఎవరివి? అందరివీ ఎప్పుడయ్యాయి? పిల్లలు నిద్రపోయాక కొన్ని రాత్రులు కూర్చుని చదివాను. చదివినకొద్దీ, మనం పిల్లల్ని తీసుకెళ్లి తడిపి తెచ్చే ఈ చిన్న సిమెంటు నేల వెనక ఇంత కథ ఉందా అనిపించింది. అది మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

ముందు, ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. స్ప్లాష్ ప్యాడ్ అంటే లోతు లేని నీటి ఆటస్థలం. కాలు జారని నేల, అందులోంచి పైకి చిమ్మే ధారలు, పైనుంచి గుమ్మరించే బకెట్లు, వానలా కురిసే కమ్మీలు. నీళ్లు నిలవవు, పడ్డవి పడ్డట్టు కాలువలోకి పోతాయి. కాబట్టి మునగడమనేది దాదాపు ఉండదు. మన మాటల్లో చెప్పాలంటే పొలంలో బోరు మోటరు వేసినప్పుడు పైపు కింద నిలబడి చేసే స్నానం లాంటిది. మా ఊళ్లో ఆ పైపు దగ్గర ఎంత సంబరమో! బీఏలో ప్రబంధాల వర్ణనలు చదివేటప్పుడు అష్టాదశ వర్ణనల్లో సలిలక్రీడ ఒకటని బట్టీ పట్టాం. రాజుగారు, అంతఃపుర స్త్రీలు, తామర కొలను. బోరు పైపు కింద ఎగిరే పిల్లల్ని మాత్రం ఏ కవీ వర్ణించినట్టు గుర్తు లేదు. నీటి ఆట ఎవరికి దక్కుతుందన్న ప్రశ్న అప్పటినుంచే ఉందన్నమాట.

ఇక అమెరికా కథ. ఇక్కడి పెద్ద నగరాల్లో వీధివీధికీ పైపుల నీళ్లు రావడం పందొమ్మిదో శతాబ్దపు సంగతి. బోస్టన్ నగరానికి కొచిచువేట్ చెరువు నుంచి నీళ్లు తెచ్చినప్పుడు, 1848 అక్టోబరు 25న బోస్టన్ కామన్ అనే పార్కులో పెద్ద పండగ చేశారు. అక్కడి ఫ్రాగ్ పాండ్‌లో ఫౌంటెన్ తిప్పగానే నీళ్లు 80 అడుగులు ఎగిశాయి. అదే ఫ్రాగ్ పాండ్ ఇప్పుడు చలికాలం ఐస్ స్కేటింగ్‌కి, వేసవిలో చిన్నపిల్లల నీటి ఆటలకి వాడుతున్నారు. బోస్టన్ వెళ్తే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

కానీ పేదల పిల్లలకి అసలైన స్ప్లాష్ ప్యాడ్ పార్కులో దొరకలేదు, వీధిలోనే దొరికింది. నిప్పంటుకుంటే ఆర్పడానికి ప్రతి వీధి చివరా పెట్టిన ఫైర్ హైడ్రెంట్లు ఉంటాయి కదా, వేసవిలో ఇరుకిళ్లలో ఉడికిపోయే జనం వాటినే తిప్పేసేవాళ్లు. నీళ్లు వీధిలోకి ఉరికేవి, పిల్లలు పరిగెత్తేవాళ్లు. దీంతో చిక్కేమిటంటే నీటి ఒత్తిడి పడిపోతుంది, ఎక్కడైనా నిప్పంటుకుంటే ఫైరింజన్‌కి నీళ్లు చాలవు. ఒక హైడ్రెంట్ పూర్తిగా తెరిస్తే నిమిషానికి 1,000 గ్యాలన్లకి పైగా పోతాయని న్యూయార్క్ నీటి శాఖ లెక్క. అందుకని వాళ్లు ఒక ఉపాయం చేశారు. చిల్లులున్న మూత ఒకటి బిగిస్తే నిమిషానికి సుమారు 25 గ్యాలన్లే పోతాయి. 18 ఏళ్లు దాటిన ఎవరైనా దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌కి వెళ్లి అడిగితే ఆ మూత బిగించి పెడతారు. ఇప్పటికీ ఇది ఉంది. నిషేధించి ఊరుకోకుండా, పిల్లలకి కావలసింది ఇచ్చి నీళ్లు కాపాడుకున్న ఈ పద్ధతి నాకు భలే నచ్చింది. ఇల్లు నడిపే ఆడవాళ్లకి ఇలాంటి సర్దుబాట్లు బాగా తెలుసు.

నగరాలు ఈతకొలనులు కట్టలేదా అంటే, కట్టాయి. ఈ కథ జెఫ్ విల్ట్‌సీ అనే చరిత్రకారుడు 'కంటెస్టెడ్ వాటర్స్' అన్న పుస్తకంలో వివరంగా రాశారు. ఆయన చెప్పిన ఒక విషయం దగ్గర నేను ఆగిపోయాను. మొదట్లో, అంటే 1900 ముందూ వెనకా, ఉత్తరాది నగరాల్లో మునిసిపల్ పూల్స్‌లో కొన్ని రోజులు మగవాళ్లకి, కొన్ని రోజులు ఆడవాళ్లకి ఉండేవి. అప్పుడు కూలిపని చేసుకునే తెల్లవాళ్లు, వలస వచ్చినవాళ్లు, నల్లవాళ్లు చాలాచోట్ల ఒకే నీళ్లలో ఈదేవాళ్లు. 1920ల నుంచి ఆడా మగా కలిసి ఈదడం మొదలైంది. కుటుంబమంతా కలిసి వెళ్లే చోటయింది. మంచిదే కదా అనుకుంటాం. కానీ సరిగ్గా అప్పుడే నల్లవాళ్లని బయటికి నెట్టారు. తెల్ల స్త్రీలున్న నీళ్లలోకి నల్ల పురుషులు దిగకూడదన్నది వాళ్ల భయం. ఆడవాళ్లకి తలుపు తెరిచిన చేత్తోనే ఇంకొకళ్లకి మూశారు. మా మానమర్యాదల కోసమని చెప్పి ఇంకెవరినో దూరం పెట్టడం మన ఊళ్లలో చెరువుల దగ్గర, బావుల దగ్గర కూడా జరిగిందే. అందుకే చదువుతుంటే పరాయి దేశం కథలా అనిపించలేదు.

న్యూయార్క్‌లో 1936 వేసవి ఒక్కదానిలోనే రాబర్ట్ మోజెస్ ఆధ్వర్యంలో 11 పెద్ద పూల్స్ తెరిచారు. దేశమంతా అలాంటివి కట్టే కాలం అది. యుద్ధం అయిపోయాక నల్లవాళ్లు తమకూ హక్కుందని కోర్టుకెక్కారు. సెయింట్ లూయిస్ నగరంలో ఫెయిర్‌గ్రౌండ్ పార్క్ పూల్ చాలా పెద్దది. 1949 జూన్ 21న మొదటిసారి నల్లజాతి పిల్లల్ని కూడా రానిచ్చారు. ఆరోజే కంచె చుట్టూ గుంపులు చేరి, సాయంత్రానికి పెద్ద అల్లరి చేసి పిల్లల్ని కొట్టారు. ఈతకొచ్చిన పిల్లల్ని! అలబామాలోని మంట్‌గోమరీలో అందరినీ రానివ్వాలని నల్లవాళ్లు కోర్టులో దావా వేస్తే, నగరం 1959 జనవరి 1 నుంచి పార్కులన్నీ మూసేసింది. ఓక్ పార్కులో పూల్‌ని పూడ్చేశారు. మిసిసిపీలోని జాక్సన్ కూడా అందరితో కలిసి ఈదే బదులు పూల్స్ మూసుకుంది. ఆ గొడవ సుప్రీంకోర్టుకి వెళ్తే, 1971లో 'పామర్ వర్సెస్ థామ్సన్' కేసులో, 5-4 మెజారిటీతో, మూసుకోవడం తప్పు కాదని తీర్పొచ్చింది.

ఒక్క క్షణం ఆలోచించండి. ఇంకొకళ్ల పిల్లలు దిగకూడదని తమ పిల్లల కొలనులో మట్టి పోసుకున్నారు. తెల్లవాళ్లలోనూ డబ్బున్నవాళ్లకి వేరే దారి దొరికింది. లేనివాళ్ల పిల్లలు ఆ ఎండల్లోనే ఉండిపోయారు.

ఆ వేరే దారే మనలాంటివాళ్లం ఇప్పుడు ఉంటున్న సబర్బ్. నగరాలు వదిలి బయటికొచ్చినవాళ్లు పెరట్లో సొంత పూల్ తవ్వించుకున్నారు, లేదా కాలనీ అంతా కలిసి సభ్యులకి మాత్రమే అని పూల్ క్లబ్ పెట్టుకున్నారు. విల్ట్‌సీ లెక్క ప్రకారం 1950లో అమెరికాలో పెరటి పూల్ ఉన్న కుటుంబాలు సుమారు 2,500. 1999 నాటికి 40 లక్షలు. అంటే నీళ్లు ఊరి మధ్యలోంచి కంచెల వెనక్కి వెళ్లిపోయాయి.

వర్జీనియాలో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ అంటే ఇప్పుడు మన తెలుగువాళ్లు చాలామంది ఉండే ప్రాంతం. అక్కడ 1960ల్లో లిటిల్ హంటింగ్ పార్క్ అని ఒక కాలనీ సంస్థ ఉండేది. ఇల్లు కొన్నవాళ్లకి పార్కులో, పూల్‌లో వాటా వచ్చేది. ఇల్లు అద్దెకిస్తే అద్దెకున్నవాళ్లకి ఆ వాటా ఇవ్వచ్చు. సలివాన్ అనే తెల్లాయన తన ఇల్లు ఒక నల్లజాతి ఆయనకి అద్దెకిచ్చి వాటా ఆయన పేర రాశాడు. సంస్థ ఒప్పుకోలేదు. ఇదేం న్యాయమని అడిగినందుకు సలివాన్‌నే బయటికి పంపించింది. 1969 డిసెంబరులో సుప్రీంకోర్టు సలివాన్ పక్షాన తీర్పు చెప్పింది. మనం ఈరోజు హెచ్ఓఏ ఫీజు కట్టి, మన రంగుతో పనిలేకుండా గేటు తాళం చేత్తో పట్టుకుని లోపలికి వెళ్తున్నామంటే, ఇలాంటి కేసులు గెలిచినవాళ్ల పుణ్యమూ అందులో ఉంది. ఈ సంగతి నాకు ఇన్నేళ్లుగా తెలియదు. మన పిల్లలకి మనం చెప్పాలి.

తీర్పులతో అంతా సర్దుకుందని కాదు. మా పక్క ఊరు మెకిన్నీలో 2015 జూన్‌లో ఒక కాలనీ పూల్ దగ్గర పిల్లల పార్టీ విషయంలో గొడవైంది, పోలీసులొచ్చారు. ఈత దుస్తుల్లో ఉన్న నల్లజాతి అమ్మాయిని ఒక పోలీసు అధికారి నేలమీద అదిమిపెట్టిన వీడియో దేశమంతా చూసింది. ఆ తర్వాత ఆయన ఉద్యోగానికి రాజీనామా చేశాడు.

ఇక్కడ మళ్లీ హైడ్రెంట్ కథకి రావాలి. 1966 జూలైలో షికాగోలో తీవ్రమైన ఎండలు. వెస్ట్ సైడ్‌లో నల్లవాళ్లుండే వీధుల్లో పిల్లలు హైడ్రెంట్ తెరుచుకుని ఆడుతున్నారు. చుట్టుపక్కల పార్కుల పూల్స్‌లో చాలావాటికి వాళ్లు వెళ్లలేని పరిస్థితి. జూలై 12న పోలీసులొచ్చి హైడ్రెంట్ కట్టేశారు. జనం మళ్లీ తెరిచారు. మాటా మాటా పెరిగి కొట్లాట అయింది, అది రోజుల తరబడి సాగి చివరికి నేషనల్ గార్డ్ సైనికులు దిగాల్సి వచ్చింది. అప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ షికాగోలోనే ఉండి ఇళ్ల సమస్య మీద ఉద్యమం నడుపుతున్నారు. మేయర్ రిచర్డ్ డేలీతో మాటలు జరిగాక నగరం ఇచ్చిన వాటిలో రెండు ఇవి: హైడ్రెంట్లకి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు, ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్లగలిగే చిన్న పూల్స్. ఇల్లు అడిగితే నీటి జల్లు ఇచ్చారని అప్పట్లోనే ఎద్దేవా చేసినవాళ్లున్నారు. నిజమే. అయినా పిల్లలు వేసవిలో తడవడం కూడా నగరం చూసుకోవాల్సిన బాధ్యతేనని, ఎంత ఇష్టం లేకపోయినా, ఒప్పుకోవాల్సి వచ్చింది.

తల్లుల వైపునుంచి ఇంకో కథ ఉంది. 1955లో టీకా వచ్చేదాకా వేసవి అంటే పోలియో భయం. జబ్బు ప్రబలిన ఏళ్లలో ఊళ్లల్లో పూల్స్ మూసేసేవాళ్లు, తల్లులు పిల్లల్ని నీళ్ల దగ్గరికి పోనిచ్చేవాళ్లు కాదు. ఇక మునిగిపోయే ప్రమాదం సంగతి చెప్పక్కర్లేదు. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకి మొదటి కారణం నీట మునగడమే. పార్కుల్లో మోకాలి లోతు వేడింగ్ పూల్స్ కూడా ఉండేవి కానీ, అక్కడా కాపలా కావాలి, నీళ్లు శుభ్రం చేయాలి.

ఇంతలో ఫౌంటెన్లు కట్టేవాళ్లు దారి మార్చారు. అంతకుముందు ఫౌంటెన్ అంటే చుట్టూ గట్టు, మధ్యలో బొమ్మ, చూసి వెళ్లిపోవడం. మా డాలస్ డౌన్‌టౌన్‌లో 1986లో కట్టిన ఫౌంటెన్ ప్లేస్‌లో నేలలోంచే నీళ్లు లేచేలా పెట్టారు. అట్లాంటాలో 1996 ఒలింపిక్స్ కోసం కట్టిన పార్కులో ఐదు వలయాల ఫౌంటెన్‌కి 251 ధారలున్నాయి. ఆటలు అయిపోయినా పిల్లలు మాత్రం ఇప్పటికీ అందులో తడుస్తూనే ఉన్నారు. షికాగో మిలెనియం పార్కులో 2004లో వచ్చిన క్రౌన్ ఫౌంటెన్ కూడా అంతే, 50 అడుగుల గాజు గోపురాల మీద మనుషుల ముఖాలు కనిపిస్తాయి, ఆ నోట్లోంచి నీళ్లు చిమ్ముతాయి. కిందంతా పిల్లల కేరింతలు.

ఇవి చూసి ఊరూరా పార్కుల శాఖలు పాత వేడింగ్ పూల్స్ తీసేసి స్ప్లాష్ ప్యాడ్లు కట్టడం మొదలుపెట్టాయి. లైఫ్‌గార్డ్ జీతం లేదు, లోతు లేదు, నడపడం చవక. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి పోతుంది. శాన్ ఆంటోనియోలో 2017లో తెరిచిన మోర్గాన్స్ ఇన్‌స్పిరేషన్ ఐలాండ్ అయితే అంగవైకల్యం ఉన్న పిల్లల్ని మనసులో పెట్టుకునే కట్టారు. బ్యాటరీ బదులు గాలి ఒత్తిడితో నడిచే, తడిసినా పాడవని చక్రాల కుర్చీలు అక్కడ ఇస్తారు. నడవలేని బిడ్డ ఉన్న తల్లికి ఆ ఒక్క మధ్యాహ్నం విలువ ఎంతో మనం ఊహించుకోగలం.

మరి ఇందులో లోపం లేదా? ఉంది, రెండున్నాయి. దాచకుండా చెప్పాలి.

మొదటిది, స్ప్లాష్ ప్యాడ్ ఈత నేర్పదు. పూల్ మూసేసి దాని స్థానంలో ఇది కట్టినప్పుడు, డబ్బున్న పిల్లలు క్లబ్బులో ఈత నేర్చుకుంటారు, లేనివాళ్లు నేర్చుకోరు. పూల్స్‌లోకి రానివ్వని తాతల మనవళ్లకి ఈత రాదు, అదొక తరం నుంచి ఇంకో తరానికి వస్తూనే ఉంది. మన సంగతే చూడండి, చెరువు దగ్గరికి పోతే కాళ్లు విరగ్గొడతానన్న ఇళ్లల్లో పెరిగిన ఆడపిల్లలం, మనలో ఎంతమందికి ఈత వచ్చు? నాకు రాదు. నా పిల్లలు మునిగితే నేను గట్టు మీద కేకలు వేయగలను, అంతే. ఈ మాట రాసేటప్పుడే సిగ్గుగా ఉంది. సిటీ రిక్రియేషన్ సెంటర్లో పెద్దవాళ్ల ఈత క్లాసుకి పేరు ఇచ్చేశాను.

రెండోది నీళ్ల శుభ్రత. స్ప్లాష్ ప్యాడ్లు రెండు రకాలు. ఒక రకంలో కొళాయి నీళ్లే నేరుగా వచ్చి కాలువలోకి పోతాయి. శుభ్రమే కానీ నీళ్లు ఎక్కువ ఖర్చు, కరువొస్తే మొదట కట్టేసేది వీటినే. రెండో రకంలో పడ్డ నీళ్లన్నీ భూమి కింద ట్యాంకులోకి చేరి, ఫిల్టరై, క్లోరిన్ కలిసి మళ్లీ పైకొస్తాయి. నీళ్లు ఆదా అవుతాయి కానీ, అక్కడ ఆడే పిల్లలందరి ఒంటి మురికీ, డైపర్ల మురికీ ఆ ట్యాంకులోకే చేరుతుంది. 2005 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా లేక్ స్టేట్ పార్కులో ఇలాంటి నీటి ఆటస్థలానికి వెళ్లినవాళ్లలో మూడు వేల మందికి పైగా విరేచనాలతో పడ్డారు. కారణం క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి. ఇది మామూలు మోతాదు క్లోరిన్‌లో కూడా వారం దాటి బతికేస్తుంది. ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రం నీళ్లని అతినీలలోహిత కాంతితో శుద్ధి చేయాలని నియమం పెట్టింది. 1997 నుంచి 2022 దాకా దేశంలో స్ప్లాష్ ప్యాడ్ల వల్ల 60 సార్లు జబ్బులు ప్రబలాయని, 10,611 మంది జబ్బు పడ్డారని సీడీసీ 2024లో ప్రకటించింది. ఆ 60లో 40 ఈ క్రిప్టో వల్లే. నిలవ నీళ్లు లేవు కదా అని చాలాచోట్ల వీటిని పూల్ నియమాల కిందికి తేకపోవడమూ ఒక కారణం.

అన్నిటికంటే బాధ కలిగించేది మా దగ్గరి ఆర్లింగ్టన్‌లో 2021లో జరిగింది. పార్కు స్ప్లాష్ ప్యాడ్‌లో ఆడిన పసివాడొకడు నేగ్లీరియా అనే అమీబా మెదడుకి పాకి చనిపోయాడు. ఆ నీళ్లని రోజూ పరీక్షించాల్సింది అన్ని రోజులూ చేయలేదని నగరమే ఒప్పుకుంది. ఇలాంటిది చాలా అరుదు. ఆ అమీబా నీళ్లు తాగితే రాదు, ముక్కులోంచి ఎక్కితేనే వస్తుంది. అయినా రోజుకి ఒకసారి ఒక మనిషి చేయాల్సిన చిన్న పని చేయకపోతే ఏమవుతుందో ఇది చెప్తుంది. ఊరందరిదీ అంటే ఎవరూ చూడనిదని అర్థం కాకూడదు.

కాబట్టి ఇంటికి దగ్గర్లో స్ప్లాష్ ప్యాడ్ వెతుక్కునేటప్పుడు నేనేం చూస్తానో చెప్తాను. మీ సిటీ పార్క్స్ విభాగానికి ఒక ఫోన్ చేసి మూడు అడగండి: నీళ్లు తిరిగి వాడేవా, కొత్తవా? తిరిగి వాడేవైతే అతినీలలోహిత శుద్ధి ఉందా? రోజుకి ఎన్నిసార్లు పరీక్షిస్తారు? అడగడానికి మొహమాటపడకండి, అడిగేవాళ్లుంటేనే చేసేవాళ్లు చేస్తారు. చాలా ఊళ్లల్లో మే చివరి మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదటి లేబర్ డే దాకా నడుస్తాయి, వెళ్లేముందు తెరిచారో లేదో చూసుకోండి. పొద్దున పూట వెళ్లండి. 2011లో డాలస్ ప్రాంతంలో 71 రోజులు 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. అలాంటి ఎండల్లో మధ్యాహ్నానికి తడవని నేల, ఇనుప బెంచీ పిల్లల కాళ్లు కాల్చేస్తాయి. నీడ, బాత్రూం, పెద్దవాళ్లు కూర్చునే చోటు ఉన్నాయా చూడండి.

మన వంతు కూడా ఉంది. విరేచనాలున్న బిడ్డని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకూడదు. తగ్గాక కూడా కొన్నాళ్లు ఆగాలి, క్రిప్టో అయితే తగ్గాక రెండు వారాలు. గంటకోసారి బాత్రూంకి తీసుకెళ్లాలి, డైపర్ నీళ్ల దగ్గర కాకుండా దూరంగా మార్చాలి. ధార మీద కూర్చోవద్దని, మొహం పెట్టొద్దని, ఆ నీళ్లు నోట్లో పోసుకోవద్దని పిల్లలకి చెప్పాలి. ఇంటికి రాగానే సబ్బు స్నానం. ఇవి మనకి కొత్తేమీ కాదు. చెరువులో మంచినీళ్ల రేవు వేరే, గేదెల్ని కడిగే రేవు వేరే అని కట్టుబాటు పెట్టుకున్న ఊళ్లనుంచి వచ్చినవాళ్లం. కాకపోతే ఆ కట్టుబాట్లలోనే ఎవరు ఏ రేవులో దిగకూడదో కూడా రాసుకున్నాం. మంచిదాన్ని ఉంచుకుని ఆ రెండోదాన్ని వదిలేయాలి.

అత్తయ్యగారికి ఈ కథంతా ఒకరోజు కూరగాయలు తరుగుతూ చెప్పాను. మంట్‌గోమరీలో పూల్ పూడ్చేశారన్నప్పుడు కత్తిపీట మీద చెయ్యి ఆపారు. చాలాసేపటికి, "మా చిన్నప్పుడు మా ఊరి మంచినీళ్ల చెరువు దగ్గర కూడా కొంతమంది గట్టు మీదే బిందెలు పెట్టుకుని నిలబడేవాళ్లు. మేం ముంచి పోసేవాళ్లం. అదేదో ఉపకారం చేస్తున్నామనుకునేదాన్ని" అన్నారు. ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

తిరిగి వెళ్లేదాకా వారానికి రెండుసార్లయినా ఆ పార్కుకి వెళ్లాం. అక్కడ ఆవిడకి ఒక మెక్సికన్ అమ్మమ్మతో స్నేహం కుదిరింది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి స్పానిష్ రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. జంతికలు ఇటునుంచి అటు, మామిడిముక్కల మీద కారం అటునుంచి ఇటు.

మొన్న మే నెలాఖరులో ఫోన్ చేసినప్పుడు పిల్లల క్షేమం అడిగాక అత్తయ్యగారు అన్నారు: "మన పార్కులో నీళ్లు వదిలారా అమ్మాయ్?"

మన పార్కు అన్నారు. వదిలారని చెప్పాను.